గోడౌన్ వారి వంశ విచారణ

నవంబరు ఇరవై ఆరో తారీకు నాకు బాగా గుర్తు. ఆ రోజు పొద్దున నేను చేసుకున్న బీరకాయ పచ్చడి కుదిరింది. మా ఆవిడ సుభద్ర పోయిన దగ్గర్నుంచీ ఆ పచ్చడి చేస్తూనే ఉన్నాను, అది కుదరకుండా తప్పించుకుంటూనే ఉంది. ఆ రోజు మాత్రం చెక్కు సరిగ్గా వేగింది, చింతపండు తన హద్దులో తానుంది. మారు వడ్డించుకుని తిని, ఇంత మంచిగా మొదలైన రోజు ఇంకా ఏం చూపిస్తుందో చూద్దామని వీధిలోకి వచ్చాను. ఎదురుగా గోడౌన్ తలుపుకి లక్క ముద్ర వేస్తున్నారు.

మా సాగరపేట ఒకప్పుడు రేవు. సముద్రం క్రమంగా వెనక్కి జరిగిపోయింది, ఓడలు రావడం మానేశాయి, నేను గుమస్తాగా పనిచేసిన పోర్టాఫీసు మూతబడింది. మిగిలింది ఈ గోడౌన్ ఒక్కటే. మూరెడు మందం గోడలు, టేకు తలుపులు. ఎన్ని తుఫానులు వచ్చినా లోపల చుక్క పడలేదు. చుట్టుపక్కల రైతులు కోతలయ్యాక ధాన్యం బస్తాలు అందులో పెట్టుకుని, కొనేవాళ్లు వచ్చినప్పుడు తీసుకుంటారు. దాని ఇన్‌చార్జి ఫణిభూషణం. నాకన్నా చిన్నవాడు. నన్ను "అన్నగారూ" అంటాడు. పండగ రోజుల్లో వాళ్లింట్లో పులిహోర చేస్తే నాకు గిన్నె వస్తుంది.

ముద్ర ఎందుకు పడిందో చెప్పాలంటే ఉత్తర్వు గురించి చెప్పాలి. ప్రభుత్వ, సహకార భవనాల పేరు పలకల మీద ఉన్న ప్రతి ఆంగ్ల పదమూ తాను ఎక్కడ పుట్టిందో చెప్పుకోవాలనీ, చెప్పుకోలేనిది దిగిపోవాలనీ ఆ వేసవిలో ఒక ఉత్తర్వు వచ్చింది. ఆ పని కోసం పదవంశ నిర్ధారణ మండలి అని ఒకటి ఏర్పాటైంది. మండలికి ఒక జీపు, ఒక లక్క ముద్ర, చాలా ఉత్సాహం ఇచ్చారు.

మా ఊళ్లో చాలా పదాలు పేచీ లేకుండానే దిగిపోయాయి. బస్టాండు దిగిపోయింది. దాని బదులు ఎక్కినది 'ప్రజా ప్రయాణ శకట విరామ ప్రాంగణం'. గోడ పొడవు చాలక చివరి మాట పక్కనున్న సోడా కొట్టు నెత్తిమీదికి వచ్చింది. ఆ కొట్టతను అభ్యంతరం చెప్పలేదు. ప్రాంగణం ఎక్కడని అడిగినవాళ్లంతా అతని దగ్గరికే వచ్చి సోడా తాగి వెళుతున్నారు.

గోడౌన్ కూడా అలాగే దిగిపోతే ఏ గొడవా లేకపోయేది. ఫణిభూషణం ఒప్పుకోలేదు. పసుపు రంగు మీద నీలం అక్షరాలతో, చివర ఒక వరి కంకి బొమ్మతో, ఆ పలక అతను స్వయంగా రాసుకున్నది. దాన్ని తుడిచేయమనేసరికి మనిషి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మా ఇంటికొచ్చి నా పాత నిఘంటువు తిరగేశాడు. గోడౌన్ అన్న ఇంగ్లీషు మాట పోర్చుగీసు వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందనీ, వాళ్లకి మలయా దేశపు 'గుదాంగ్' నుంచి అబ్బిందనీ, ఆ గుదాంగ్‌కి మూలం మన గిడ్డంగి కావచ్చుననీ అందులో ఉంది. 'కావచ్చు' అన్నదాన్ని అతను బొటనవేలితో మూసి మళ్లీ చదివాడు.

"చూశారా అన్నగారూ! మన బిడ్డే! పై దేశాలు తిరిగి ఇంటికొచ్చింది, అంతే!"

అదే మండలికి రాశాడు. మూలం లేని పదాన్ని మండలి ఒక పూటలో దించేసి వెళ్లిపోతుంది. మూలం ఉందన్న పదానికి మాత్రం విచారణ జరపాలి. విచారణ ముగిసేదాకా, ఆ పదం ఉన్న ఆవరణలో యథాతథ స్థితి పాటించాలి. అదీ లక్క ముద్ర కథ.

ముద్ర వేయిస్తున్నాయన పేరు వరదరాజేశ్వర్. ప్రత్యేక వంశ నిర్ధారణాధికారి. పొడుగ్గా, శుభ్రంగా ఉంటాడు. ఆయన ఏది మూసినా ఊరంతా వినబడుతుంది. జీపు తలుపు, ఇనుప పెట్టె, టిఫిను క్యారేజీ మూత, చివరికి కళ్లజోడు డబ్బా కూడా ఠపీమని మూస్తాడు. మూసిన ప్రతిసారీ ఏదో తేలిపోయినట్టు తల పంకిస్తాడు.

"సదరు గోడౌన్ మీద ఆరోపణ ఏదీ లేదు. కేవలం విచారణ. వంశం ఉన్నట్టయితే బయటపడుతుంది" అని ఫణిభూషణానికి ధైర్యం చెప్పాడు.

అప్పుడే నాంచారమ్మ ట్రాక్టరు వచ్చింది.

నాంచారమ్మది పక్కనున్న లంకమాలపల్లి. మూడెకరాలు కౌలుకి చేస్తుంది. మొగుడు లారీ మీద క్లీనరు, ఎప్పుడు ఏ రాష్ట్రంలో ఉంటాడో అతనికే తెలియదు. దున్నించడం దగ్గర్నుంచి నూర్పిడి దాకా అన్నీ ఆవిడే. ఆ ఏడు చేను బాగా పండింది. ట్రక్కు నిండా బస్తాలు. పైన కూర్చుని ఉన్న మనిషి అక్కణ్ణుంచే అరిచింది.

"ఏంటండీ ఫణిబాబూ, తలుపుకి ఆ ఎర్ర బొట్టేంటి? గోడౌనుకేమైనా పెళ్లా?"

"విచారణ జరుగుతోంది నాంచారమ్మా. కాస్త ఆగాలి."

"విచారణా? ఏం చేసింది పాపం?"

వరదరాజేశ్వర్ గారు ముందుకొచ్చి చెప్పాడు. "ఏమీ చేయలేదమ్మా. ఎవరి బిడ్డో తేలాలి."

నాంచారమ్మ ట్రక్కు దిగి, గోడల్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఈ వయసులోనా?" అంది.

ట్రాక్టరు అతనికి ఇంకో చేను దగ్గర బేరం ఉంది. బస్తాలు గోడౌన్ ముందు రోడ్డు వారన దించేసి వెళ్లిపోయాడు. నాంచారమ్మ కింద గడ్డి పరిచి, పైన రెండు బరకాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టింది. ఒక బరకానికి చిల్లులున్నాయి. చేతికర్ర పట్టుకుని బస్తాల మీద కూర్చుంది.

"ఎండగా ఉంది కాబట్టి సరిపోయింది. వానొస్తే నా పనైపోతుంది బాబుగారూ" అంది నాతో. "వడ్లు మొలకలొస్తే ఎవడు కొంటాడు? ఇది పోతే ఆ కామందు పైయేడు చేను నాకివ్వడు. ఇప్పటికే వాళ్ల బావమరిది అడుగుతున్నాడంట."

ఆ సాయంత్రం రేడియోలో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు.

*

మర్నాడు విచారణ గోడౌన్ అరుగు మీద మొదలైంది. నన్ను పిలిచారు. అభ్యర్థి ఒక పదం గనుక, పదం సంతకం చేయజాలదు గనుక, దాని తరఫున ఒక సంరక్షకుడు కావాలట. పట్టభద్రుడై ఉండాలి, ఎదురింట్లో ఉంటే మరీ మంచిది. నేను బీయే చదివినవాణ్ణి. పైగా నాకు ఎవరి సంరక్షణా బాధ్యత లేక చాలా రోజులైంది. ఒప్పుకున్నాను. నాకు ఫ్యాను కింద కుర్చీ వేశారు.

"అభ్యర్థి మైనరా, మేజరా?" అన్నాడు వరదరాజేశ్వర్ గారు.

"ఇంగ్లీషులో నాలుగొందల ఏళ్ల పైమాటేనండి."

"మేజరు" అని రాసుకున్నాడు. "జన్మస్థలం?"

"ఈ తీరం అనుకుంటున్నాం."

"అనుకోవడానికి ఇక్కడ వీలులేదు. తరువాత. అభ్యర్థి ఈ తీరం విడిచి విదేశమునకు వెళ్లినప్పుడు ఎవరి అనుమతి తీసుకున్నది?"

"వర్తకులతో ఓడెక్కి ఉంటుందండి. ఆ రోజుల్లో బట్టల మూటలు, బియ్యం బస్తాలు వెళ్లేవి. వాటితోపాటు వాటిని పెట్టే చోటు పేరు కూడా వెళ్లింది."

"అనగా సరుకులతో కలిసి, టిక్కెట్టు లేకుండా." ఆయన దాన్ని రాసి, కింద రెండు గీతలు గీశాడు. "మలయా దేశమున పేరు మార్చుకున్నదా?"

"గుదాంగ్ అన్నారండి."

"ఆపై పోర్చుగీసు వారు చేరదీశారు. ఆపై ఆంగ్లేయులు. ఇందులో దత్తత జరిగిందా?"

ఫణిభూషణం నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. దూరంగా ఆగ్నేయ మూల బూడిదరంగు గీత ఒకటి కనిపించింది.

"దత్తత వెళ్లినట్లయితే" అని వరదరాజేశ్వర్ గారు వివరించాడు, "జన్మనిచ్చిన ఇంట హక్కులు పోతాయి. దత్తత కాక కేవలం పెంపకమైతే హక్కులుంటాయి. ఈ భేదమును తేల్చనిదే ముందుకు పోజాలము. పోర్చుగీసు వారి వద్ద దత్తత పత్రమేదైనా ఉన్నదేమో విచారించుటకు పైవారికి వ్రాయవలెను."

"పోర్చుగీసు దాకానా సార్?" అన్నాడు ఫణిభూషణం.

"అభ్యర్థి అక్కడిదాకా వెళ్లినప్పుడు విచారణ వెళ్లకూడదా?"

ఇదంతా ఆయన కాగితం మీద, కలంతో, కుర్చీలో కూర్చుని రాస్తున్నాడు. ఆ మూడు మాటలూ పారశీకం నుంచో అరబ్బీ నుంచో వచ్చినవే. నేను చెప్పలేదు. చెబితే ఆయన దేని మీద కూర్చుంటాడు, దేనితో రాస్తాడు? అయినా ఉత్తర్వు ఆంగ్ల పదాలకే వర్తిస్తుందని ఆయనే చెప్పాడు. కొన్ని పరిధులు మన మేలుకే ఉంటాయి.

భోజనాల వేళ దాటాక, అభ్యంతరాలున్నవాళ్లు చెప్పుకోవచ్చునని ఊళ్లో దండోరా వేయించారు. టముకు చప్పుడు విని కాఫీ హోటలు మురుగేశన్ వచ్చాడు. అతని తండ్రి తంజావూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. అతను అప్పటికే నాంచారమ్మకి రెండు ఇడ్లీలు ఇచ్చి వస్తున్నాడు. ఊరికే ఉండలేక అన్నాడు.

"మా నాయిన కిడంగు అనేవాడు సార్. గోడౌన్ని."

వరదరాజేశ్వర్ గారు కలం కింద పెట్టాడు. అంత సంతోషం ఆ ముఖంలో నేను అంతకు ముందు చూడలేదు.

"పితృత్వమునకు రెండవ హక్కుదారు!"

"అయ్యో, నేనేం హక్కు అడగలేదు సార్! ఊరికే మాటొస్తే చెప్పాను!" అని మురుగేశన్ బెదిరిపోయాడు.

"నువ్వు అడగనక్కరలేదు. హక్కు దానంతట అదే పుట్టింది. ఇది ఇక అంతర్రాష్ట్ర విషయము."

సంరక్షకుడిగా ఏదో ఒకటి మాట్లాడాలి గనుక నేను కల్పించుకున్నాను. "గిడ్డంగి, కిడంగు అన్నదమ్ములు కావచ్చు కదండీ. ఒక తల్లి పిల్లలే అయ్యుండొచ్చు."

"అట్లయితే ఉమ్మడి కుటుంబము." ఆయన ఆలోచించాడు. "వేరు పడినప్పటి పంపకముల పత్రమున్నదా?"

మురుగేశన్ కాఫీ తెస్తానని లేచిపోయాడు. ఆ రోజు మళ్లీ ఆ అరుగు దరిదాపులకి రాలేదు, కాఫీ మాత్రం పంపాడు. నాంచారమ్మకి కూడా పంపాడు. ఆవిడ గ్లాసు పట్టుకుని బస్తాల మీద నుంచే అడిగింది.

"బాబుగారూ, తేలిందా తండ్రెవరో?"

"ఇద్దరు తేలారమ్మా."

"నా తల్లే! ఒక్కడుంటేనే ఇంటికి రాడు" అని నిట్టూర్చింది.

*

మూడో రోజు పొద్దున్నే సముద్రం వైపు నుంచి చల్లగాలి మొదలైంది. కొంగలు లోపలి వైపుకి ఎగిరిపోయాయి. వరదరాజేశ్వర్ గారు ఆ రోజు క్షేత్ర విచారణ పెట్టుకున్నాడు. ఏ మనిషికైనా వారసుణ్ణి నిర్ణయించే ముందు ఆ మనిషి ఊళ్లో ఎవరికి తెలుసో, ఎవరు చూశారో ఇద్దరు ఇరుగుపొరుగుల్ని అడగడం రెవిన్యూ పద్ధతి. ఆయన ఆ పద్ధతిలో ఆరితేరిన మనిషి. మనుషులకి చేసినట్టే మాటకీ చేశాడు.

వీధి వీధీ తిరిగాం. ఎదురైన ప్రతివాణ్ణీ ఆయన గోడౌన్ వైపు వేలు చూపించి అడిగేవాడు.

"అది ఏమిటి?"

"గోడౌనండీ."

"గిడ్డంగి అనే పేరు ఎరుగుదువా?"

ఒకాయన ఆలోచించి, ఆ ఇంటిపేరు వాళ్లు రేవు వీధిలో ఉండేవాళ్లనీ, ఇల్లమ్ముకుని పోయారనీ చెప్పాడు. కోడిగుడ్ల కొట్టామె ఆ మందు తన దగ్గర ఉండదని చెప్పింది. చిన్నప్పుడు పాఠంలో చదివానని ఒక కుర్రాడు అన్నాడు. చదివితే లెక్కలోకి రాదు, కళ్లారా చూసి ఉండాలి. చివరికి మళ్లీ బస్తాల దగ్గరికే వచ్చాం.

"అమ్మా, గిడ్డంగి ఎక్కడున్నదో నీకు తెలుసునా?"

"నాకెందుకు తెలుస్తదయ్యా? నాకు గోడౌను తెలుసు. ఆ ముద్ర తీస్తే దాంట్లో నా వడ్లు పెట్టుకోడం తెలుసు."

వరదరాజేశ్వర్ గారు నిలబడిన చోటే నిర్ణయం చెప్పాడు. "గిడ్డంగి అను మూలపురుషుని ఈ ఊరిలో చూచినవారు గాని, ఎరిగినవారు గాని లేరు. ఇటీవల సంవత్సరములలో ఎవరి నోటను వినబడలేదు. కావున మరణించినట్లు భావించవలసి ఉన్నది. అయితే మరణ ధ్రువీకరణ పత్రము లేనిదే వారసత్వము చెల్లదు. జిల్లాకు వ్రాసెదను. సుమారు రెండు నెలలు."

ఫణిభూషణం గోడకి చేరబడ్డాడు. "తుఫాను రెండు రోజుల్లో అంటున్నారు సార్."

"అది వాతావరణము వారి విషయము."

నాంచారమ్మ కర్ర పక్కన పెట్టి, బస్తాల మీద నుంచి దిగింది. ఆయన ఎదురుగా వచ్చి నిలబడి చేతులు జోడించింది. వినయంగానే మాట్లాడింది.

"అయ్యా, తమరు చదువుకున్నోరు. నాదొక మనవి. ఆ తుఫానుక్కూడా ఒక నోటీసు ఇప్పించండి. దాని అయ్యెవడో, తాతెవడో, ఏ దేశంలో పుట్టిందో, ఎవర్నడిగి ఇక్కడికొస్తందో, అన్నీ తేలేదాకా ఆ సముద్రంలోనే ఉండమనండి. ముద్ర కావాలంటే నేను పడవ మాట్లాడతా, పోయి ఏసిరండి."

నేను నవ్వు ఆపుకోవడానికి చెప్పు సరిచేసుకున్నాను. వరదరాజేశ్వర్ గారు మాత్రం నిజంగానే ఆలోచించాడు. నిజానికి తుఫాను అన్న మాట పుట్టుక గురించి పండితులు ఇంకా తగాదా పడుతూనే ఉన్నారు, అరబ్బీ అని కొందరు, గ్రీకు అని కొందరు, చీనా అని కొందరు.

"తుఫానుకు నామఫలకము లేదు" అన్నాడు చివరికి. "మా పరిధిలోకి రాదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మొదటిసారి కొంచెం తగ్గింది. నాంచారమ్మ వైపు చూడలేదు, చిల్లులున్న బరకం వైపు చూశాడు. గాలికి దాని అంచు లేచి బస్తా మీద టపటపా కొట్టుకుంటోంది. ఆయన రెండడుగులు వేసి, పక్కనున్న రాయి తీసి దాని మీద పెట్టాడు. ఆ తర్వాత చేతులు దులుపుకుని, ఏమీ చేయనివాడిలా జీపెక్కాడు. తలుపు ఠపీమని మూశాడు.

*

నాలుగో రోజు మధ్యాహ్నానికే దీపాలు పెట్టుకోవలసి వచ్చింది. బస్తాలెత్తే ముఠా కూలీలు తమ ఇళ్ల కప్పులు కట్టుకోవడానికి వెళ్లిపోయారు. నేను ఇంట్లో ఉన్న దుప్పట్లు, మా సుభద్ర బీరువాలో అడుగున దాచిన ప్లాస్టిక్కు మేజాబల్ల గుడ్డ తీసుకుని రోడ్డు దాటాను. ఆ గుడ్డ మీద గులాబీలుంటాయి. ఆవిడ బతికుండగా దాన్ని ఎవరొచ్చినా పరవనివ్వలేదు, పాడైపోతుందని. బస్తాల మీద కప్పుతుంటే మాత్రం అడ్డుపడేది కాదనిపించింది.

నాంచారమ్మ గులాబీల్ని సర్దుతూ, "దీంతో ఆగుద్దంటారా?" అంది.

ఆగదు. ఇద్దరికీ తెలుసు.

అరుగు మీద వరదరాజేశ్వర్ గారు జిల్లాకి ఉత్తరం పూర్తి చేస్తున్నాడు. నేను వెళ్లి ఫ్యాను కింది కుర్చీలో కూర్చున్నాను. కరెంటు లేదు గనుక ఫ్యాను తిరగడం లేదు, అయినా అది నాకు కేటాయించిన స్థలం. ఆయన వేలికి ఆ సాయంత్రం సిరా అంటుకుని ఉంది. ఆ వేలు చూస్తే నాకు ఖజానా కార్యాలయం గుర్తొచ్చింది.

నేను పింఛనుదారుణ్ణి. బతికే ఉన్నానని ఏటా ఒకసారి ఖజానాకి వెళ్లి ఒప్పించాలి. ఒక ఏడు జ్వరంతో వెళ్లలేకపోయాను. మరుసటి నెల వెళ్లి కిటికీ ముందు నిలబడి, "నేనే బాబూ" అంటే, అక్కడి గుమస్తా మర్యాదగానే, "మీరు లేరండీ" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి, వేలు ఒత్తించుకుని, "ఇప్పుడున్నారు" అన్నాడు. కుర్చీ వేసి మంచినీళ్లు కూడా ఇచ్చాడు. తిరిగి రావడం అంత సులువని నాకు అప్పుడే తెలిసింది.

"సార్" అన్నాను. "గిడ్డంగి చనిపోయిందని రాస్తున్నారు గదా. సంరక్షకుడిగా నాకొక సందేహం."

"అడగండి."

"ఖజానాలో నేను బతికున్నానో లేదో చూసేటప్పుడు, ఊళ్లో నా పేరు ఎంతమందికి తెలుసని అడగరండీ. నిజానికి మా వీధి దాటితే ఎవరికీ తెలియదు. నన్ను ఎదురుగా నిలబెట్టి చూస్తారు. ఊపిరి ఆడుతోందా, వేలు కదులుతోందా, అంతే. పేరు ఎవరూ పలకనంత మాత్రాన మనిషి పోయినట్టు కాదు గదా?"

ఆయన కలం ఆగింది. "అది జీవన ప్రమాణ పద్ధతి. భౌతిక తనిఖీ."

"మూలపురుషుడికి భౌతిక తనిఖీ జరగలేదండి."

"గిడ్డంగికి ఊపిరేమిటి? ఏమి చూచి సజీవమని వ్రాయవలెను?"

"సరుకు లోపల ఉండటమేనండి. పైన వాన పడుతుంటే లోపల సరుకు పొడిగా ఉంటే, గిడ్డంగి బతికున్నట్టే. ఖాళీగా తలుపేసుకుని ఉన్నది వట్టి గది. దాన్ని చూసి బతికుందనీ చెప్పలేం, పోయిందనీ చెప్పలేం."

ఆయన ఇనుప పెట్టె తెరిచి నిబంధనల పుస్తకం తీశాడు. లాంతరు దగ్గరికి జరుపుకుని చదివాడు. బయట గాలి ఈల వేసింది. నాంచారమ్మ ఎవర్నో తిడుతోంది, బహుశా గాలినే. ఫణిభూషణం మాత్రం మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"వాన పడుచుండగా" అన్నాడు వరదరాజేశ్వర్ గారు నెమ్మదిగా, "అన్నారు మీరు."

"అదే అసలు పరీక్షండి. ఎండలో ఎవరైనా బతుకుతారు."

"అట్టి సందర్భము మరల ఎప్పుడు లభించునో చెప్పజాలము." ఆయన లేచాడు. "మరణము ధ్రువీకరించుటకు ముందు జీవమును తనిఖీ చేయుట అధికారి విధి. తనిఖీ నిమిత్తము ముద్ర తొలగించు అధికారము నాకున్నది. నమూనా సరుకు కావలెను. దగ్గరలో ఎక్కడైనా ధాన్యము లభించునా?"

అడుగుతున్నప్పుడు ఆయన ముఖంలో ఒక్క కండరం కదలలేదు. నేనూ అంతే గంభీరంగా రోడ్డు వైపు చూసి, "కనుక్కుంటానండి" అన్నాను.

కనుక్కోవలసిన పని లేకపోయింది. నాంచారమ్మ అప్పటికే మెట్ల మీద ఉంది. "ఎన్ని బస్తాలు కావాలయ్యా నమూనాకి?"

"తనిఖీ సమగ్రముగా ఉండవలెను. అన్నీ" అన్నాడు ఆయన.

లక్క ముద్రని ఆయనే తన కలం మొనతో పెకలించాడు. తలుపు తెరుచుకోగానే లోపల్నుంచి పాత గోనెల వాసన, చల్లదనం వచ్చాయి. తర్వాత జరిగింది మండలి చరిత్రలో ఎక్కడా ఉండదు. ముఠా లేదు గనుక ఫణిభూషణం ఒక పక్క, జీపు డ్రైవరు ఒక పక్క బస్తాలు పట్టారు. మురుగేశన్ హోటలు మూసి పరుగెత్తుకొచ్చాడు. వంశం మాట ఎత్తబోమని హామీ తీసుకున్నాకే ఎత్తాడు. నేను రెండు బస్తాలకి చెయ్యి వేశాను, మూడోదానికి నాంచారమ్మ నన్ను తోసేసింది. "మీరు లాంతరు పట్టుకోండి బాబుగారూ, ఇక్కడ ఇంకో మరణ పత్రం రాసుకోలేం" అంది.

కాసేపటికి చూస్తే డ్రైవరు చోట వరదరాజేశ్వర్ గారున్నాడు. చొక్కా చేతులు మడిచాడు. నాంచారమ్మ ఆయనకి ఆజ్ఞలిస్తోంది. "మూతి పట్టుకోకండయ్యా, జారుద్ది! చెవులు పట్టుకోండి, బస్తాకి చెవులుంటాయి! ఆ, అట్టా! గోడకానించొద్దు, చెమ్మ పడుద్ది!" ఆయన "సరే, సరే" అంటూ ఆజ్ఞలు పాటించాడు. ఒక అధికారి అంత బుద్ధిగా ఉత్తర్వులు అమలు చేయడం నేనెన్నడూ చూడలేదు.

వాన అడ్డంగా వచ్చింది. చివరి రెండు బస్తాలు తడిశాయి. మిగతావన్నీ పొడి.

అందరం లోపలే నిలబడ్డాం. పెంకుల మీద వాన చెవులు మూసుకునేంతగా మోగుతోంది. లోపల ఒక్క చుక్క లేదు. వరదరాజేశ్వర్ గారు లాంతరు తీసుకుని మూల మూలా చూశాడు. కప్పు చూశాడు. ఒక బస్తా మీద అరచెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత మోకాలి మీద కాగితం పెట్టుకుని, రాస్తూ పైకి చదివాడు.

"సదరు మూలపురుషుడైన గిడ్డంగి, వయోభారము మిక్కుటముగా నున్నను, ధాన్యమును స్వీకరించి, భరించి, ఘోరవర్షమును అడ్డుకొనుచు, సజీవముగా నుండుట నా కన్నులారా చూచితిని."

"బతికుందా?" అంది నాంచారమ్మ.

"బతికి ఉన్నది."

"మరి నా వడ్లు ఎప్పుడు తీసుకోవచ్చు?"

"నీ ధాన్యము నీదే. ఎండ కాసిన రోజున తీసుకుని అమ్ముకో." ఆయన కాగితం మడిచాడు. "అయితే ఒక నియమమున్నది. జీవన ప్రమాణము ఒకసారి ఇచ్చిన చాలదు. ప్రతి సంవత్సరము ఇదే మాసమున మరల ఇవ్వవలెను. మరల తలుపులు తెరచి, మరల సరుకు నింపి చూపవలెను. తప్పినచో మరణించినట్లే."

"ఏటేటానా? కోతలప్పుడు?"

"ఏటేటా. తప్పనిసరి."

నాంచారమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. వానో, చెమటో, ఇంకేదో నేను చూడలేదు, లాంతరు ఆయన పక్కన ఉంది. "అయితే పైయేడు కూడా నా వడ్లే పెట్టుకోండయ్యా సాక్ష్యానికి. ఇంకోళ్లని పిలవమాకండి. చేను నా చేతిలోనే ఉంటది."

"పరిశీలించబడును" అన్నాడు వరదరాజేశ్వర్ గారు.

తండ్రి గిడ్డంగా, కిడంగా అన్న విషయం తేలలేదు. పోర్చుగీసు వాళ్ల నుంచి జవాబు ఇప్పటికీ రాలేదు. పలక మీద వరి కంకి అలాగే ఉంది. విచారణ ముగియలేదు గనుక యథాతథ స్థితి ఇంకా అమల్లోనే ఉంది. ఏటా కోతల నెలలో తలుపులు తెరిచి ధాన్యం నింపడం కూడా ఇప్పుడు ఆ యథాతథ స్థితిలో భాగం.

ఆ సాయంత్రం వాన కాస్త తెరిపిచ్చాక అందరూ బయటికి నడిచారు. మురుగేశన్ నాంచారమ్మని తన హోటల్లో పడుకోమన్నాడు, వాళ్ల ఆవిడ తోడుంటుందన్నాడు. ఫణిభూషణం గొడుగు పట్టాడు. నేను మా గుమ్మం దగ్గరికి వచ్చి వెనక్కి చూశాను. గులాబీల గుడ్డ తడిగా నా భుజం మీద ఉంది, ఎక్కడా చిరగలేదు.

గోడౌన్ దగ్గర వరదరాజేశ్వర్ గారు ఒక్కడే ఉన్నాడు. నేను చెవులు సిద్ధం చేసుకున్నాను. ఆయన తలుపు రెక్క పట్టుకుని కాసేపు లోపలి చీకటిలోకి చూశాడు. తర్వాత దాన్ని రెండు చేతులతో కొంచెం పైకెత్తి, కీచుమనకుండా, లోపల పెద్దాయనెవరో అప్పుడే కన్నంటుకున్నట్టు, మెల్లిగా దగ్గరికి వేశాడు.